పంపు మార్చిన బండి

“పంపు దాకా పన్నెండు వోల్టులు వస్తున్నాయి. పంపు తిరగట్లేదు. కాబట్టి పంపే పోయింది.”

విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు నిలబడ్డా ఈ మాట చెవిన పడుతుంది. వినడానికి సబబుగా ఉంటుంది కాబట్టి ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. బండి గలాయన జేబు తడుముకుంటాడు, కొత్త పంపు వస్తుంది, పాతది మూలన పడుతుంది. ఆటో ఎలక్ట్రీషియన్ పని చేసుకుని బతికేవాణ్ణి కాబట్టి గట్టిగా చెప్తున్నాను: అందులో మొదటి రెండు మాటలూ నిజమైనా మూడోది అబద్ధం కావచ్చు. ఆ అబద్ధానికి జనం పోసే డబ్బు చూస్తే నాకు కడుపు మండుతుంది.

కార్బురేటర్ రోజుల్లో ఈ బెడద లేదు. 1983లో వచ్చిన మారుతి 800లో పెట్రోలు పంపుకి కరెంటుతో పనే లేదు. ఇంజను తిరుగుతుంటే క్యామ్ షాఫ్టు ఒక మీటని తోస్తుంది, మీట డయాఫ్రాన్ని లాగుతుంది, పెట్రోలు పైకొస్తుంది. ఆగిపోతే విప్పి డయాఫ్రం చిరిగిందో లేదో చూసుకుంటే సరిపోయేది. 1999లో సుప్రీంకోర్టు ఢిల్లీ ప్రాంతంలో కొత్త కార్లకి యూరో ప్రమాణాల గడువు పెట్టాక చిన్న కార్లు కూడా ఒకదాని వెనక ఒకటి ఎంపీఎఫ్ఐకి, అంటే ఇంజనులోకి పెట్రోలు చిమ్మే పద్ధతికి, మారాయి. దాంతో పంపు ఇంజను పక్కనుంచి లేచి, వెనక ట్యాంకులోకి వెళ్లి, పెట్రోలు మధ్యలో కూర్చుంది. దాదాపు మూడు బార్ల ప్రెషరు అందించాలి కాబట్టి దానికి మోటారు కావాలి. ఆ మోటారుకి బండి ముందు భాగం నుంచి వెనక సీటు దాకా కరెంటు నడిచి రావాలి, పని చేసి మళ్లీ బ్యాటరీకి చేరాలి. ఫ్యూజు, తాళం స్విచ్చి, రిలే, కప్లర్లు, చివర బాడీకి బిగించిన ఎర్త్ బోల్టు, ఇన్ని మజిలీలు. ఆ తరం బండ్లకి ఇప్పుడు ఇరవై ఏళ్లు దాటాయి. చాలావాటిలో పంపుకన్నా ముందు ఆ దారే ముసలిదైపోయింది.

నా దగ్గరికొచ్చిన ఒక మాస్టారి బండి ఆ తరానిదే, 2001 మోడలు. కంపెనీ పేరు అనవసరం, తప్పు కంపెనీది కాదు.

మే నెల ఎండలో, ఒక ఆటో వెనక తాడు కట్టి లాక్కొచ్చారు. కనకదుర్గ వారధి మీద ఆగిపోయిందట. వెనక సీట్లో వాళ్లావిడ చెమటలు కక్కుతూ కూర్చుని ఉన్నారు. ఆవిణ్ణి ఆటో ఎక్కించి ఇంటికి పంపేసి, మాస్టారు నా షెడ్డులో స్టూలు మీద కూర్చున్నారు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. చేతిలో గొడుగు, స్టీలు ఫ్లాస్కు. టీ పోసుకుంటూ నాకూ ఒక కప్పు ఇచ్చారు. ఫ్లాస్కు అడుగున ఇంటిపేరు పొడి అక్షరం, పేరులో మొదటి అక్షరం, కింద కొన్న తేదీ గీసి ఉన్నాయి. గొడుగు పిడి మీదా అంతే. స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించుకోవడం మన ఇళ్లలో మామూలే కానీ, ఈయన ఏ వస్తువు కొన్నా కంపాసు బాక్సులోని ముల్లుతో సొంతంగా గీసుకుంటారట.

“మావాడు ఊళ్లో లేడండీ, తిరుపతి వెళ్లాడు. లేకపోతే మీదాకా వచ్చే పనే లేదు,” అన్నారు.

మావాడంటే కొడుకేమో అనుకున్నాను. కాదు, మెకానిక్కు. ఒకప్పటి శిష్యుడు. ఆ అబ్బాయి గురించి చెప్తుంటే మాస్టారి మొహం వెలిగిపోయింది. ఎదురైతే నడిరోడ్డు మీదైనా వంగి కాళ్లకి దండం పెడతాడట. బండి ఆగిందని ఫోను చేస్తే ఉన్నపళాన వస్తాడట. “ఇంతవరకు నా దగ్గర లేబరని ఒక్క రూపాయి తీసుకోలేదు. బలవంతంగా చేతిలో పెడితే కళ్లకద్దుకుని తిరిగి నా జేబులోనే పెట్టేశాడు. సామాను డబ్బు మాత్రం ఇవ్వండి మాస్టారూ, అది నా చేతిది కాదు కదా అంటాడు. ఈ కాలంలో అలాంటి పిల్లలు ఎక్కడున్నారు చెప్పండి!”

బండి కథ కూడా ఆయనే చెప్పారు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగింది కదా, ఆ నీళ్లలోనే ఈ బండీ నిలిచింది. ఇంటి ర్యాంపు మీద ఉండబట్టి ఇంజనుకి గండం తప్పింది కానీ, కాళ్లు పెట్టుకునే చోటు దాటి సీట్ల కింద దాకా బురదనీరు చేరింది. ఆరబెట్టి, కడిగించి వాడుకుంటుంటే కార్తీకమాసంలో మొదటిసారి దారిలో ఆగింది. శిష్యుడు చూసి పంపు పోయిందన్నాడు. మాస్టారే షాపుకి వెళ్లి పంపు కొని తెచ్చి ఇచ్చారు. వేశాక బండి బ్రహ్మాండంగా నడిచింది, సంక్రాంతి దాకా. అప్పుడు మళ్లీ ఆగితే, “మీకు అంటగట్టింది డూప్లికేటు మాస్టారూ, ఈసారి నేను తెస్తాను” అని శిష్యుడే మంచి పంపు తెచ్చి వేశాడు. ఉగాది దాటాక మళ్లీ అదే తంతు. ఈసారి చెన్నై నుంచి అసలు కంపెనీ సరుకు తెప్పించాడు. ఒక్కో పంపుకి మూడు వేల పైనే అయింది.

“ఆ మొదటి షాపతను నాకు పాతికేళ్లుగా తెలుసు. దొంగ సరుకు అమ్మావని నలుగురిలో అనేశాను. ఇప్పుడు ఆ వీధిలోకే వెళ్లట్లేదు,” అన్నారు మాస్టారు.

నేను తాళం తిప్పి చెవి పెట్టాను. ఎంపీఎఫ్ఐ బండిలో తాళం ఆన్ చేయగానే వెనక నుంచి రెండు సెకన్లపాటు సన్నటి మోత రావాలి. ఇంజను కంట్రోలు యూనిట్ రిలే కాయిల్‌కి ఎర్త్ ఇస్తుంది, రిలే టిక్కుమంటుంది, పంపు లైను నింపి ఆగుతుంది. ఇంజను తిరుగుతున్న సంకేతం అందితేనే ఆ రిలే మళ్లీ పట్టుకుంటుంది. ప్రమాదం జరిగి ఇంజను ఆగితే పెట్రోలు కారుతూ ఉండకూడదని చేసిన ఏర్పాటది. ఇక్కడ రిలే టిక్కుమంది. మోత మాత్రం మూలుగులా వచ్చింది. ప్లగ్గుల్లో నిప్పు బాగానే ఉంది. ప్రెషరు గేజీ పెడితే మూడు బార్లు ఉండాల్సిన చోట ముల్లు ఒకటిన్నర దగ్గర తచ్చాడుతోంది.

వెనక సీటు లేపి, పంపు కప్లర్ ఊడదీసి, దాని రెండు పిన్నులకీ మీటరు ముళ్లు ఆనించాను. తాళం తిప్పమంటే మాస్టారు తిప్పారు. 12.4 వోల్టులు.

“చూశారా, మావాడూ ఇదే చూపించాడు! కరెంటు వస్తోంది, పంపు తిరగట్లేదు,” అన్నారు.

పాత బండ్ల దగ్గర చాలామంది పని ఇక్కడితో అయిపోతుంది. అసలు మొదలవ్వాల్సింది ఇక్కడే. డిజిటల్ మీటరు లోపలి రెసిస్టెన్సు సాధారణంగా పది మెగాఓమ్‌లు. అంటే అది లైన్లోంచి లాగే కరెంటు లేనట్టే లెక్క. దారిలో ఎంత తుప్పు పట్టిన జాయింటున్నా, తీగలో ఒక్క పోగు మాత్రమే మిగిలి ఉన్నా, మీటరుకి పన్నెండు వోల్టులు నిక్షేపంగా కనిపిస్తాయి. కట్టేసిన కుళాయి వెనక పైపులో కూడా ప్రెషరు నిండుగానే ఉంటుంది, కుళాయి తిప్పి బిందె పెడితేనే ధార సంగతి బయటపడేది. కరెంటు దారికి బరువు పెట్టాలి. పెట్టకుండా చూసిన వోల్టేజీని నమ్మి ఎవరి చేతా సామాను కొనిపించకూడదు. నేను పని నేర్చుకున్నచోట మొదట నేర్పింది ఇదే, నా దగ్గర పనికి చేరే పిల్లలకి మొదట నేర్పేదీ ఇదే.

అందుకే నా పెట్టెలో ఒక పాత హెడ్‌లైట్ బల్బు ఉంటుంది, రెండు వైర్లు అతికించి. హై బీమ్ ఫిలమెంటు అరవై వాట్లు, ఇంచుమించు ఐదు ఆంపియర్లు లాగుతుంది. పంపు లాగేదీ దాదాపు అంతే. ట్యాంకు మూత బిగించి ఉందని, పెట్రోలు వాసన లేదని చూసుకుని, బల్బుని కప్లర్‌కి కలిపాకే తాళం తిప్పించాను. పెట్రోలు ఆవిరి దగ్గర తీగలు తాకించి చూసే అలవాటు ఎవరికైనా ఉంటే ఈరోజే మానుకోవాలి. బల్బు వెలిగింది, పసుపుపచ్చగా, నీరసంగా. సరిగా ఉన్న దారిలో అయితే కళ్లు మూసుకోవాల్సినంత వెలుగు రావాలి.

మాస్టారు స్టూలు దిగి దగ్గరకొచ్చారు.

దారి ఎక్కడో సన్నబడిందని తేలింది. ఎక్కడన్నది తేల్చడానికి బండిని ముక్కలు చేయక్కర్లేదు. రిలే పీకి, దాని కాళ్లలో 30, 87 నంబర్ల రంధ్రాలని ఫ్యూజున్న వైరుతో కలిపి, కప్లర్ మళ్లీ పెట్టి పంపుని అదే పనిగా తిరగనిచ్చాను. బరువు మోస్తున్నప్పుడు దారిలో ఒక్కో భాగం ఎన్ని వోల్టులు మింగుతోందో చూడాలి. బ్యాటరీ ప్లస్ నుంచి పంపు ప్లస్ పిన్ను దాకా 0.4. పాత వైరింగుకి అది పెద్ద తప్పేమీ కాదు. పంపు రెండు పిన్నుల మధ్య 7.1. పంపు ఎర్త్ పిన్ను నుంచి బ్యాటరీ మైనస్ దాకా 4.7.

మాస్టారు సంచీలోంచి చిన్న పుస్తకం తీసి మూడంకెలూ ఒకదాని కింద ఒకటి వేశారు. “మొత్తం పన్నెండూ పాయింట్ రెండు,” అన్నారు. బ్యాటరీ మీద ముళ్లు పెట్టి చూపించాను. పంపు తిరుగుతుండగా సరిగ్గా 12.2. ఆయన కళ్లు మెరిశాయి. “కిర్కాఫ్ సూత్రం! ఫిజిక్స్ టీచరు రాని రోజుల్లో నేనే చెప్పేవాణ్ణి. చుట్టూ తిరిగి కలిపితే లెక్క సరిపోవాలి, సరిపోకపోతే ఎవరో మధ్యలో తిన్నట్టే అనేవాణ్ణి పిల్లలతో.”

మధ్యలో తిన్నది ఎర్తే. పదోవంతు వోల్టు కూడా మింగకూడని చోట 4.7 మింగేసింది. పంపు నల్లవైరు వెంట వేలు పోనిస్తే, సీటు కింద బాడీకి బిగించిన ఒక బోల్టు దగ్గర ఆగింది. ముట్టుకుంటే చుర్రుమంది. పంపుకి చేరాల్సిన శక్తి అక్కడ వేడిగా మారిపోతోంది. చల్లగా ఉన్నంతసేపూ బండి ఎలాగో నెట్టుకొస్తుంది, అరగంట నడిచాక బోల్టు కాగి రెసిస్టెన్సు ఇంకా పెరుగుతుంది, వారధి మీద ఆగిపోతుంది. నీడన కాసేపు పెడితే మళ్లీ స్టార్టవుతుంది. దారిలో మొరాయించిన బండి మెకానిక్కు వచ్చేసరికి బుద్ధిగా స్టార్టయ్యేది ఇందుకే.

పదో నంబరు స్పానరుతో బోల్టు విప్పి, వైరు చివరున్న లగ్గుని మాస్టారి అరచేతిలో పెట్టాను. రాగి మీద పచ్చటి చిలుం, వాషరు కింద గోధుమరంగు తుప్పు, ఆ రెండింటి మధ్య ఎండిపోయిన బుడమేటి ఒండ్రు, కాగితమంత పొర. గోటితో గీకితే పొడిపొడిగా రాలింది. పక్కన తెల్లటి రెండు గీతలు కూడా ఉన్నాయి, ఎవరో లోగడ విప్పి, తుడవకుండానే బిగించిన ఆనవాళ్లు.

బాడీ మీద లోహం తళతళలాడేదాకా ఎమరీ పేపరుతో రుద్దాను. కొత్త లగ్గు నొక్కి, సోల్డరు పోసి, పళ్ల వాషరు వేసి బిగించి, పైన వాసెలిన్ రాశాను. నమ్మకం కోసం ఇంకో ఎర్త్ వైరు కూడా వేరే చోటికి లాగాను. మళ్లీ చూస్తే ఎర్త్ వైపు 0.05. గేజీ ముల్లు మూడు బార్ల దగ్గరికి వెళ్లి నిలబడింది. మూలుగు పోయి పంపు గొంతు ఖంగుమంది.

“అయితే ఈ పంపు మంచిదేనా?” అన్నారు మాస్టారు.

“మంచిదే. నాకు తెలిసి ముందువాటిలోనూ తప్పు ఉండి ఉండదు.”

“మరి మార్చిన ప్రతిసారీ బండి బాగుపడిందిగా?”

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. “ఈ బండిలో పంపు పైకి తియ్యాలంటే వైరు అడ్డమొస్తుంది మాస్టారూ, ముందు ఈ బోల్టు విప్పాలి. విప్పి బిగించినప్పుడు లగ్గు కాస్త గీసుకుని కొత్త లోహం తగులుతుంది. కొన్ని వారాలు నడుస్తుంది. తుప్పు కింద అలాగే ఉంది కాబట్టి మళ్లీ పాతకథే.”

ఆయన కాసేపు ఆలోచించారు. “అంటే పంపు మార్చకుండా, ఊరికే విప్పి అదే పంపు మళ్లీ పెట్టినా బండి నడిచేదే.”

“నడిచేదే.”

“పాపం, మావాడికి ఈ కిటుకు తెలియదు. చదువు అంతంతమాత్రం. వచ్చాక మీ దగ్గరికి పంపుతాను, కాస్త నేర్పండి,” అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు.

బండి ఇచ్చేసేవాణ్ణే. కానీ వరదనీళ్లలో నిలిచిన బండి, పైగా పంపు ఇన్ని నెలలుగా సగం వోల్టేజీతో ఈడ్చుకొచ్చింది. ట్యాంకు అడుగున నీరో మట్టో చేరి జాలీకి పట్టిందేమో చూడకుండా పంపడం నాకు ఇష్టం లేదు. బ్యాటరీ టెర్మినల్ తీసేసి, ఫ్యాను ఆపించి, మాస్టారి ఫోను కూడా అవతల బల్ల మీద పెట్టించి, మూత విప్పి పంపు బయటికి తీశాను. జాలీ శుభ్రంగానే ఉంది. పంపు ఒంటిని గుడ్డతో తుడుస్తుంటే వేలికి గరుగ్గా ఏదో తగిలింది. వెలుతురులోకి తిప్పాను.

రెండు అక్షరాలు. వాటి కింద 19-11-2024.

నేనేమీ అనలేదు. పంపు ఆరేదాకా తుడిచి మాస్టారికి అందించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, షెడ్డు బయట ఎండలోకి వెళ్లి చూశారు. తర్వాత ఆ చిన్న పుస్తకం తీసి వెనక్కి తిప్పారు. కార్తీకంలో ఒక పద్దు. సంక్రాంతికి ఒకటి. ఉగాదికి ఒకటి. వేలు మూడింటి మీదా నిదానంగా కదిలింది.

బల్ల మీద ఫోను మోగింది. షెడ్డులో పనిచేసే కుర్రాడు పరుగెత్తి తీసుకెళ్లి ఇచ్చాడు. మాస్టారికి చెవి కాస్త మందం, స్పీకరు పెట్టుకునే మాట్లాడతారు.

“మాస్టారూ, ఇప్పుడే దర్శనమైంది. మీ పేరు కూడా చెప్పుకుని దండం పెట్టాను. బండి మళ్లీ ఆగిందటగా, అమ్మగారు చెప్పారు. ఎవరి చేతా ముట్టించకండి, పాడుచేస్తారు. అది పంపే. ఎల్లుండి వచ్చి కొత్తది వేసేస్తా. సామాను డబ్బు ఒక్కటీ చూడండి చాలు, మీ దగ్గర లేబరు తీసుకుంటానా?”

మాస్టారు పంపుని ఎడమచేతిలోకి మార్చుకున్నారు.

“వద్దురా నాయనా. ఇకనుంచి లేబరే తీసుకో. లెక్క వేసి చూశాను, నాకు అదే చవక.”